ఆస్ట్రేలియా టీవీకి అసలు పుట్టినరోజు ఏది? 70 ఏళ్ల పేజీలో ఏ తేదీలు వెయ్యాలి?

మీరు అడిగింది ఇది: మెల్‌బోర్న్‌లో మీ తెలుగు సంఘం 2026 సావనీరులో "ఆస్ట్రేలియా టీవీకి 70 ఏళ్లు" అని ఓ పేజీ వెయ్యాలనుకుంటోంది. వెతికితే ఒక్కోచోట ఒక్కో తేదీ కనిపిస్తోంది. సెప్టెంబర్ 16 నిజమేనా? దాంతోపాటు ఇంకే వార్షికోత్సవాలు వేస్తే బాగుంటుంది?

సెప్టెంబర్ 16 తప్పు కాదు. కానీ మీరున్నది మెల్‌బోర్న్‌లో. ఆ రోజు మీ ఊళ్లో టీవీ ఇంకా మొదలే కాలేదు. అక్కణ్నుంచి చెప్పుకొద్దాం.

నేను సిడ్నీలో ఒక టీవీ సంస్థ టేపుల లైబ్రరీలో చాలాకాలం పనిచేశాను. ఏ వార్షికోత్సవం దగ్గరపడినా ముందు ఫోన్ మోగేది మా గదిలోనే. ప్రొడ్యూసర్లు "ఆ రోజు ఏం జరిగింది?" అని అడిగేవాళ్లు కాదు, "ఆ రోజుది మన దగ్గర ఏముంది?" అనేవాళ్లు. టేపు ఉంటే గంట ప్రోగ్రాం, లేకపోతే వార్తల చివర్లో రెండు వాక్యాలు. అందుకే ఆస్ట్రేలియా టీవీ పండగల క్యాలెండరు చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది బొమ్మ మిగిలిన రోజులు, చెరిగిపోయిన రోజులు. మీ పేజీకి తేదీలు ఏరేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలా తికమకలు వాటంతటవే విడిపోతాయి.

మొదటి తేదీనే తీసుకోండి. 1956 సెప్టెంబర్ 16, ఆదివారం సాయంత్రం, సిడ్నీలో ఫ్రాంక్ ప్యాకర్ గారి టీసీఎన్-9 ప్రసారాలు మొదలుపెట్టింది. స్టేషన్‌ను జాన్ గాడ్సన్ పరిచయం చేశాడు, ఆ తర్వాత బ్రూస్ గింజెల్ వచ్చి "గుడ్ ఈవెనింగ్, అండ్ వెల్‌కమ్ టు టెలివిజన్" అన్నాడు. ఆ మాట ఇక్కడి చిన్నపిల్లలకి కూడా తెలుసు. సూటు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, కెమెరాలోకి చూస్తూ ఆయన ఆ మాటనే క్లిప్పు 20 ఏళ్ల పండక్కీ, 50 ఏళ్ల పండక్కీ వేశారు, 70కీ వేస్తారు. తిరకాసు ఏంటంటే, ఆ క్లిప్పు ఆ రాత్రిది కాదు. లైవ్‌లో వెళ్లిన మొదటి రాత్రిని ఎవరూ రికార్డు చెయ్యలేదు. అప్పటికి ఇక్కడ వీడియో టేపే లేదు. తెరమీది బొమ్మను దాచాలంటే మానిటర్ ఎదురుగా సినిమా కెమెరా పెట్టి ఫిల్మ్ మీదికి ఎక్కించుకోవాలి, దాన్నే కైనెస్కోప్ అనేవాళ్లు. మొదటి రాత్రి హడావిడిలో ఆ పని జరగలేదు. మనం చూసేది గింజెల్‌తోనే తర్వాత మళ్లీ చెప్పించి తీసిన బొమ్మ. మనిషి అతనే, మాట అదే, రోజు మాత్రం వేరు. మీ సావనీరులో ఆ ఫొటో వేస్తే కింద "తర్వాత మళ్లీ తీసిన దృశ్యం" అని ఒక్క ముక్క రాయండి. చాలా పత్రికలు రాయవు.

ఇక మెల్‌బోర్న్. అక్కడ మొదట ప్రారంభమైంది హెచ్‌ఎస్‌వీ-7, 1956 నవంబర్ 4న. మర్నాడు నవంబర్ 5న సిడ్నీలో ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ వారి ఏబీఎన్-2 మొదలైంది. దాన్ని ప్రధాని రాబర్ట్ మెన్జీస్ ప్రారంభించారు. మెల్‌బోర్న్‌లో ఏబీసీ నవంబర్ 19న వచ్చింది. ఇంత హడావిడి ఎందుకంటే నవంబర్ 22న మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలు. ఆ గడువు లేకపోతే ఇక్కడ టీవీ ఇంకెన్నాళ్లు సాగేదో. ఆ ఏడాది సెట్టు కొనడం మామూలు కుటుంబం వల్ల అయ్యే పని కాదు. పైగా ఏటా 5 పౌండ్ల లైసెన్సు ఫీజు. అందుకే జనం టీవీ షాపుల అద్దాల ముందు నిలబడి ఆటలు చూశారు. ఆ ఫొటోలు చాలానే ఉన్నాయి. నన్నడిగితే మెల్‌బోర్న్ పేజీకి గింజెల్ ఫొటో కంటే అవే నప్పుతాయి. ఆ లైసెన్సు ఫీజు 1974 దాకా ఉండి, విట్లం ప్రభుత్వం హయాంలో పోయింది.

మిమ్మల్ని తికమకపెట్టిన ఇంకో తేదీ 1957 జనవరి 19 అయ్యుంటుంది. అది మెల్‌బోర్న్ జీటీవీ-9 అధికారిక ప్రారంభం. కానీ ఆ స్టేషన్ అప్పటికే పరీక్షా ప్రసారాలు చేసింది, ఒలింపిక్స్ కూడా చూపించింది. టీవీ చరిత్రలో ఇలాంటి జంట తేదీలు అడుగడుగునా తగులుతాయి: పరీక్షా ప్రసారం ఒకటి, పెద్దమనుషులు వచ్చి రిబ్బన్ కత్తిరించింది ఇంకొకటి. ఛానెళ్లు తమకు ఏది అనుకూలమో అది చెప్పుకుంటాయి. మీరు ఎక్కడైనా సరే "అధికారిక ప్రారంభం" అన్న మాట జోడిస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

"ఆస్ట్రేలియా టీవీకి 70" అనడమే కొంచెం దబాయింపు అని కూడా చెప్పాలి. అది సిడ్నీ, మెల్‌బోర్న్‌లకి మాత్రమే 70. బ్రిస్బేన్, అడిలైడ్, పెర్త్‌లకి టీవీ వచ్చింది 1959లో. హోబార్ట్‌కి 1960లో. దేశ రాజధాని కాన్‌బెర్రాకి 1962 దాకా రాలేదు. డార్విన్ అయితే 1971 వరకు ఆగాల్సివచ్చింది. అంటే చంద్రుడి మీద మనిషి నడిచినప్పుడు డార్విన్ ఇళ్లల్లో టీవీ లేదు. అదే బ్రిస్బేన్ వాళ్లని కదిలిస్తే మాత్రం "మొదలుపెట్టిందే మేము" అంటారు. 1934లోనే విక్‌హామ్ టెర్రస్ మీదున్న పాత గాలిమర రాతి గోపురం నుంచి థామస్ ఎలియట్, వాల్ మెక్‌డొవాల్ 30 గీతల బొమ్మను ప్రసారం చేసి చూపించారు. 30 గీతలంటే ఎదుటివాడి మొహం ఉందని తెలుస్తుంది, ఎవరిదో పోల్చుకోవడం కష్టం. ఆ గోపురం ఇప్పటికీ ఉంది. బ్రిస్బేన్ వెళ్తే చూడండి, పెద్దగా నడవక్కర్లేదు.

మెల్‌బోర్న్ వాళ్లు గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకునే తేదీ మాత్రం ఇంకొకటి ఉంది, 1957 మే 6. ఆ సోమవారం రాత్రి జీటీవీ-9లో "ఇన్ మెల్‌బోర్న్ టునైట్" అనే వినోద షో మొదలైంది. యాంకర్ గ్రాహమ్ కెనెడీకి అప్పుడు 23 ఏళ్లు, రేడియోలో పనిచేసి వచ్చాడు. రిచ్‌మండ్‌లో బెండిగో స్ట్రీట్‌లోని స్టూడియో ఒకప్పుడు పియానోల ఫ్యాక్టరీ. అక్కణ్నుంచి రాత్రిపూట లైవ్. ప్రకటనలు కూడా లైవే, అసలు మజా అక్కడే ఉండేది. స్పాన్సర్ ఇచ్చిన కాగితం పక్కన పడేసి కెనెడీ నోటికొచ్చింది మాట్లాడేవాడు. రెండు నిమిషాల ప్రకటన ఎంతసేపు సాగుతుందో అతనికీ తెలిసేది కాదు. కుక్కల ఆహారం ప్రకటనకి తెచ్చిన రోవర్ అనే కుక్క తిండి ముట్టకుండా కెమెరా ముందే కాలెత్తేసింది. అది చూసినవాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. జనానికి నచ్చింది ఆ అల్లరే. ఇక్కడి టీవీ అవార్డులకి స్కాట్లాండ్ శాస్త్రవేత్త జాన్ లోగీ బేర్డ్ పేరు మీద "లోగీ" అని పేరు పెట్టింది కూడా కెనెడీయే. 1970 దాకా నడిచిన ఆ ప్రోగ్రాంలో ఇవాళ మిగిలింది చాలా తక్కువ. లైవ్‌లో వెళ్లిపోయినవే ఎక్కువ. ఎంత గొప్పదని అందరూ అంటారు, చూద్దామంటే ముక్కలే దొరుకుతాయి. 2027 మే 6కి దానికి 70. మీ సావనీరు ఆలస్యమైతే అది కూడా కలిసొస్తుంది!

కెనెడీ గురించే ఇంకో తేదీ, దీన్ని పిల్లలున్న పేజీలో వెయ్యకండి: 1975 మార్చి 3. లైవ్‌లో కాకిలా అరిచాడు, ఆ అరుపు ఓ బూతుమాటలా వినిపించేట్టు అరిచాడు. ఫోన్లు మోతెక్కిపోయాయి. ప్రసార నియంత్రణ బోర్డు అతన్ని లైవ్ టీవీ నుంచి నిషేధించింది. ఆ తర్వాత అతని షో ముందే రికార్డు చెయ్యాల్సివచ్చింది, అంటే అతని బలమే తీసేశారన్నమాట.

ఇప్పుడు సరిగ్గా 2026లో పడే గుండ్రటి అంకెలు చూద్దాం. మీ పేజీకి ఇవే ప్రాణం.

జూలై 18కి పిల్లల ప్రోగ్రాం "ప్లే స్కూల్"కి 60 ఏళ్లు. 1966 జూలై 18న ఏబీసీలో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. నమూనా బీబీసీది. పెద్ద టెడ్డీ, చిన్న టెడ్డీ, జెమైమా బొమ్మ, హంప్టీ, ఇవాళ ఏ ఆకారం కిటికీలోంచి చూద్దామని అడగడం. మీ సంఘంలో ఇక్కడ పుట్టిన పిల్లలందరూ ఆ కిటికీల ముందు కూర్చున్నవాళ్లే. తాతయ్య, అమ్మమ్మ ఊరినుంచి వచ్చినప్పుడు మనవరాలితో పాటు రోజూ చూసి ఇంగ్లిష్ అలవాటు చేసుకున్న ఇళ్లు నాకు తెలుసు. మీ పేజీలో ఒక్కటే బొమ్మ పెట్టగలిగితే ఇది పెట్టండి.

ఆగస్టు 19కి ఏబీసీ వారి పరిశోధనాత్మక వార్తల ప్రోగ్రాం "ఫోర్ కార్నర్స్"కి 65. 1961లో మైకేల్ చార్ల్‌టన్, బాబ్ రేమండ్ మొదలుపెట్టారు. ఇక్కడి రాజకీయ నాయకులు సోమవారం రాత్రి అంటే జంకడానికి కారణం ఆ ప్రోగ్రామే. కమిషన్లు వేయించింది, ఉద్యోగాలు ఊడగొట్టించింది. ఆ చార్ల్‌టనే 1956లో ఏబీసీ టీవీ మొదటి రాత్రి తెరమీద కనిపించిన మనిషి కూడా.

నవంబర్ 25కి 60 ఏళ్లు నిండే ఒక తేదీ ఉంది, దాన్ని ఏ ఛానెలూ పెద్దగా పట్టించుకోదు. నాకు మాత్రం అది అన్నిటికంటే ఇష్టం. 1966లో ఆ రోజు పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో కార్నార్వన్ అనే చిన్న ఊరినుంచి ఉపగ్రహం ద్వారా ఇంగ్లాండ్‌కి మొదటిసారి టీవీ బొమ్మ వెళ్లింది. ఉపగ్రహం అనుకున్న కక్ష్యలో కుదురుకోలేదు. దాంతో కొద్దిసేపే దొరికే ఆ వీలును పట్టుకుని, కార్నార్వన్‌లో స్థిరపడిన బ్రిటిష్ కుటుంబాలను కెమెరా ముందు నిలబెట్టి, లండన్‌లో బీబీసీ స్టూడియోలో కూర్చోబెట్టిన వాళ్ల చుట్టాలతో మాట్లాడించారు. అప్పట్లో వలస వచ్చినవాళ్లకి ఊరినుంచి ఉత్తరం రావడానికే రోజులు పట్టేది. అలాంటిది ఎదురుగా కనబడి మాట్లాడుకున్నారు. వాట్సాప్‌లో రోజూ పొద్దున్నే గుంటూరుతోనో వరంగల్‌తోనో మాట్లాడుకునే మన సంఘం పేజీకి ఇంతకంటే తగిన వార్షికోత్సవం ఏముంటుంది? మరుసటి ఏడాది, 1967 జూన్ 25న, ప్రపంచం మొత్తం కలిసి చేసిన మొదటి ఉపగ్రహ ప్రసారంలో ఆస్ట్రేలియా వంతు వచ్చినప్పుడు చూపించిన వాటిల్లో మీ ఊరి ట్రామ్‌లే ఉన్నాయి. తెల్లారకముందే సౌత్ మెల్‌బోర్న్ డిపోనుంచి బయల్దేరుతున్న ట్రామ్‌లు.

గుండ్రటి అంకె కాకపోయినా చంద్రుడి సంగతి రాయాలి, ఎందుకంటే అక్కడ తేదీలోనూ తప్పుంటుంది, ఊరిలోనూ తప్పుంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది అమెరికా లెక్కలో 1969 జూలై 20. సిడ్నీ గడియారంలో అది జూలై 21 మధ్యాహ్నం 12:56. భారతదేశంలో కూడా అది 21వ తేదీ ఉదయమే. ఇక్కడి పిల్లలు బళ్లో హాల్లో కూర్చుని పగటిపూట చూశారు. ఊరి విషయానికొస్తే, అందరూ న్యూ సౌత్ వేల్స్‌లోని పార్క్స్ టెలిస్కోపు పేరు చెబుతారు. 2000లో దాని మీద వచ్చిన సినిమా బాగా ఆడింది కదా, అప్పటినుంచి ఆ పేరు అలా స్థిరపడిపోయింది. నిజానికి మొదటి అడుగు బొమ్మ ప్రపంచానికి వెళ్లింది కాన్‌బెర్రా దగ్గర హనీసకిల్ క్రీక్ కేంద్రం నుంచి. చంద్రుడు పైకి వచ్చి పార్క్స్ డిష్‌కి సరిగ్గా అందడానికి ఇంకో ఎనిమిదితొమ్మిది నిమిషాలు పట్టింది. అందాక మిగతా రెండు గంటల పైచిలుకు ప్రసారం పార్క్స్ బొమ్మతోనే నడిచింది. ఆ డిష్‌ని గంటకి 110 కిలోమీటర్ల ఈదురుగాలి కొట్టింది, అయినా దించకుండా పట్టుకున్నారు. అదీ చిన్న విషయం కాదు. కానీ "మొదటి అడుగు చూపించింది పార్క్స్" అని రాస్తే కాన్‌బెర్రా వాళ్లు ఉత్తరాలు రాస్తారు, ఇది అనుభవం మీద చెబుతున్నా.

టేపుల సంగతికి మళ్లీ వస్తాను. 1960లు, 70ల్లో వాడిన వీడియో టేపు వెడల్పు రెండంగుళాలు. ఒక్కో రీలు రెండు చేతులతో మోయాల్సిన బరువు. ధర కూడా మామూలుగా ఉండేది కాదు. అందుకని ప్రోగ్రాం ప్రసారమవగానే దాని మీదే ఇంకోటి రికార్డు చేసేవాళ్లు. తప్పని ఎవరూ అనుకోలేదు, పొదుపు అనుకున్నారు. పెట్టెమీద పాత లేబులు కొట్టేసి కొత్తది రాసి, దాన్నీ కొట్టేసి ఇంకోటి రాసినవి చూస్తుంటే కడుపు తరుక్కుపోయేది. ఉదాహరణకి "నంబర్ 96". 1972 మార్చి 13న మొదలైన సీరియల్. సిడ్నీలో ఒక అపార్ట్‌మెంట్, అందులో జనం, వాళ్ల రంకులూ రొచ్చులూ. "ఈ రాత్రి టీవీ కన్యాత్వం పోయింది" అన్న అర్థం వచ్చే నినాదం ఆ సీరియల్‌కి అతుక్కుపోయింది. దాంట్లో డాన్ ఫిన్లేసన్ అనే లాయరు పాత్ర స్వలింగ సంపర్కుడు. ఎగతాళికి పెట్టిన పాత్ర కాదు, చుట్టుపక్కలవాళ్లు గౌరవించే మంచి మనిషి. 1972లో అది ప్రపంచంలో ఏ టీవీలోనైనా అరుదు. 1,218 ఎపిసోడ్లు నడిచింది. బ్లాక్ అండ్ వైట్ కాలంలోవి చాలావరకు చెరిపేశారు. ఆ సీరియల్ మొదలైన రోజుకి జరగాల్సినంత సంబరం జరక్కపోవడానికి అదే కారణమని నా అభిప్రాయం.

ఏబీసీలో వచ్చిన పాటల ప్రోగ్రాం "కౌంట్‌డౌన్"దీ అదే గతి. 1974 నవంబర్ 8న మొదలైంది, మొదటి ఏళ్లవి బోలెడు పోయాయి. ఏది మిగిలిందంటే, 1977లో దాని యాంకర్ మోలీ మెల్డ్రమ్ ప్రిన్స్ చార్లెస్‌ని ఇంటర్వ్యూ చెయ్యబోయి నాలిక తడబడి నానా తంటాలు పడ్డ క్లిప్పు మిగిలింది! ఇప్పుడు "కౌంట్‌డౌన్" అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. దీనికి ఎదురు కంగారూ సీరియల్ "స్కిప్పీ". అది 1968లో ఇక్కడ ప్రసారమైంది. జనం చూసింది బ్లాక్ అండ్ వైట్‌లోనే, తీసింది మాత్రం కలర్ ఫిల్మ్ మీద. విదేశాలకి అమ్మాలన్న వ్యాపారబుద్ధితో అలా తీశారు. దానివల్ల 91 ఎపిసోడ్లూ బతికి బట్టకట్టాయి. కంగారూ పండగ ఎప్పుడూ కళకళలాడుతుంది మరి.

మీ ఊరికి సంబంధించిన ఇంకొకటి చెప్పి ముందుకెళ్తా. 1964 అక్టోబర్ 20న హెచ్‌ఎస్‌వీ-7లో క్రాఫర్డ్ సంస్థ తీసిన పోలీసు సీరియల్ "హోమిసైడ్" మొదలైంది. అప్పటిదాకా సాయంత్రాలన్నీ అమెరికా సీరియళ్లవే. మెల్‌బోర్న్ వీధుల్లో, మెల్‌బోర్న్ యాసలో మాట్లాడే డిటెక్టివులను చూసి జనం ఎగబడ్డారు. 510 ఎపిసోడ్లు.

కలర్ టీవీ 1975 మార్చి 1, శనివారం. ఇక్కడ చిన్న తుంటరి పని జరిగింది. అన్ని ఛానెళ్లూ అర్ధరాత్రి 12కి రంగుల్లోకి మారాలి. ఏబీసీ వాళ్లు "ఆంటీ జాక్" అనే హాస్య బృందంతో ప్రోగ్రాం పెట్టి, కొన్ని నిమిషాల ముందే రంగు వదిలేశారు. కాబట్టి తేదీ పట్టుకుని వేళ్లాడేవాళ్లకి మొదటి రంగు బొమ్మ ఫిబ్రవరి 28దే. ఆ బృందంలో గ్యారీ మెక్‌డొనాల్డ్ అనే నటుడు ఉండేవాడు. అతనికి నార్మన్ గన్‌స్టన్ అని ఇంకో వేషం ఉంది: గీసుకున్న గడ్డం మీద కాగితం ముక్కలు అంటించుకుని, మెత్తగా నసుగుతూ పెద్దపెద్దవాళ్లని ఇంటర్వ్యూ చేసే టీవీ రిపోర్టరు. 1975 నవంబర్ 11, గవర్నర్ జనరల్ జాన్ కెర్ ప్రధాని గాఫ్ విట్లంను బర్తరఫ్ చేసిన రోజు. కాన్‌బెర్రాలో పార్లమెంటు మెట్ల ముందు జనం ఉడికిపోతున్నారు. సరిగ్గా అప్పుడు ఈ గన్‌స్టన్ వేషంలోనే మెక్‌డొనాల్డ్ ఆ మెట్లమీద నిలబడి జనంతో మాట్లాడాడు. ఆ రోజు ఫుటేజీలో విట్లం ముఖంలో కోపం, కాసేపటికే గడ్డం మీద కాగితం ముక్కలతో ఈ వేషగాడు. దేశ చరిత్రలో అంత బరువైన రోజున ఓ కమెడియన్ చొరబడి, ఎవరూ తోసెయ్యకుండా నిలబడగలిగాడంటే ఈ దేశం తీరు కొంత అర్థమవుతుంది. 2025లో ఆ రోజుకి 50 ఏళ్లు నిండాయి.

మన పాఠకులు ఎగబడి చదివేది క్రికెట్ ముక్క, ఒప్పుకోవాల్సిందే. సెప్టెంబర్ 16 కథలోని ఫ్రాంక్ ప్యాకర్ కొడుకు కెర్రీ ప్యాకర్. ఛానెల్ 9కి టెస్టుల ప్రసార హక్కులు కావాలని అడిగాడు, బోర్డు ఏబీసీకే ఇచ్చింది. దాంతో ఆటగాళ్లనే కొనేసి 1977లో సొంత టోర్నీ పెట్టాడు. 1978 నవంబర్ 28న సిడ్నీ గ్రౌండులో మొదటిసారి ఫ్లడ్‌లైట్ల కింద ఆడించాడు. జనం 40 వేలు దాటారు, గేట్లు తెరిచి ఊరికే పంపించేశారు. తెల్ల బంతి, రంగు బట్టలు, పిచ్‌కి రెండు వైపులా కెమెరాలు, డకౌటై వెళ్లేవాడి వెంట ఏడుస్తూ నడిచే కార్టూన్ బాతు, ఇవన్నీ ఆ గొడవలోంచి పుట్టినవే. ఇవాళ ఐపీఎల్‌లో చూసేది దీని మనవడే. 1985లో మెల్‌బోర్న్‌లో ఫ్లడ్‌లైట్ల కింద జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో గవాస్కర్ జట్టు పాకిస్తాన్ మీద గెలిచింది. మార్చి 10న ఫైనల్ అయ్యాక రవిశాస్త్రికి ఆడి కారు ఇస్తే జట్టంతా దానిమీద ఎక్కి గ్రౌండు చుట్టూ తిరిగింది. అదే టోర్నీలో మనవాళ్లు ఆడిన మొదటి మ్యాచ్‌లో పాకిస్తాన్ మీద 93 నాటౌట్ కొట్టింది మన హైదరాబాదీ అజహరుద్దీన్. దూరదర్శన్‌లో అవి చూసిన తరం మీ సంఘంలో ఉంటారు. వాళ్లతో నాలుగు మాటలు రాయించండి, పేజీకి కండ పడుతుంది.

ఎస్‌బీఎస్‌కి, అంటే పలు భాషల ప్రభుత్వ ఛానెల్‌కి, మీరు తప్పకుండా చోటివ్వాలి. 1980 అక్టోబర్ 24, ఐక్యరాజ్యసమితి దినం నాడు సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో 0/28 ఛానెల్‌గా మొదలైంది. ఆ రాత్రి తెరమీదికి వచ్చి స్వాగతం చెప్పింది ఎవరనుకున్నారు? అదే బ్రూస్ గింజెల్. ఈసారి "మల్టీకల్చరల్ టెలివిజన్‌కి స్వాగతం" అన్నాడు. 1956లో టీవీ తెరమీద ఇంగ్లిష్ తప్ప ఇంకో మాట వినిపించేది కాదు. 24 ఏళ్లకి గ్రీకు, ఇటాలియన్, అరబిక్ మాటలు కింద అక్షరాలతో ఇళ్లల్లోకి వచ్చాయి. 28వ ఛానెల్ పట్టాలంటే వేరే యాంటెనా బిగించుకోవాలి. కొత్తగా వలస వచ్చినవాళ్ల వీధుల్లో ఇంటి కప్పుల మీద అవి లేచాయి. ఇప్పుడు ఎస్‌బీఎస్‌లో తెలుగు ఆడియో సర్వీసు కూడా నడుస్తోంది. ఆదివాసీల వరకు వస్తే, ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి వాళ్ల ఛానెల్ ఇంపార్జా 1988లో మొదలైంది. జాతీయస్థాయి ఆదివాసీ ఛానెల్ ఎన్ఐటీవీ 2007లో వచ్చింది, 2012 డిసెంబర్ 12న ఎస్‌బీఎస్ కింద దేశమంతా ఉచితంగా అందింది. ఈ తేదీలకి ఛానెళ్లలో పెద్ద హంగామా ఉండదు. మీరు వేస్తే సంతోషిస్తాను.

"నైబర్స్" సీరియల్ లేకుండా మెల్‌బోర్న్ పేజీ ఏంటని ఎవరో అంటారు కాబట్టి అది కూడా. 1985 మార్చి 18న ఛానెల్ 7లో మొదలైంది. సిడ్నీలో ఎవరూ చూడట్లేదని 170 ఎపిసోడ్లకే ఆపేశారు. 1986 జనవరి 20న ఛానెల్ 10 మళ్లీ మొదలుపెట్టింది. ఒక ఛానెల్ వద్దన్నదాన్ని ఇంకో ఛానెల్ తీసుకోవడం అప్పట్లో విడ్డూరం. ఆ రెండో పుట్టుకకి 2026లో 40 ఏళ్లు. కైలీ మినోగ్, జేసన్ డొనోవన్ పాత్రల పెళ్లి ఇక్కడ 1987 జూలై 1న వచ్చింది. బ్రిటన్‌లో ఏడాది పైన తర్వాత వేస్తే దాదాపు 2 కోట్ల మంది చూశారట. ఆ వీధి నిజమైన వీధే, వెర్మాంట్ సౌత్‌లో పిన్ ఓక్ కోర్ట్. అందులో ఇళ్లవాళ్లు మామూలుగా బతుకుతున్నారు, ఫొటో తీసుకోవడానికి వెళ్తే గేటు దగ్గర మర్యాదగా ఉండమని రాయండి. సీరియల్‌లో భారతీయ కుటుంబం రావడానికి మాత్రం 2011 దాకా పట్టింది. ఆ కపూర్ కుటుంబాన్ని చూసి ఇంటర్నెట్‌లో కొందరు ఆడిపోసుకున్నారు కూడా. అదీ వార్షికోత్సవాల్లో ఎవరూ ఎత్తని సంగతి.

ఆ తర్వాతవి నాకు అంత ఆసక్తిగా అనిపించవు. 2001 జనవరి 1న డిజిటల్ ప్రసారాలు మొదలయ్యాయి, 2013 డిసెంబర్ 10న పాత అనలాగ్ పూర్తిగా ఆగింది, ఆగిన చివరి చోట్లలో మెల్‌బోర్న్ ఒకటి. మాస్టర్‌షెఫ్ 2009లో వచ్చింది. మన ఇళ్లల్లో వంట సరిగా రానివాళ్లు కూడా "ప్లేటింగ్" గురించి మాట్లాడటానికి కారణం అదే. 2010 జూలై 25న దాని ఫైనల్ అడ్డొస్తుందని ప్రధాని జూలియా గిలార్డ్, ప్రతిపక్ష నేత టోనీ అబాట్‌ల ఎన్నికల చర్చను గంట ముందుకు జరిపారు. దీన్నొక చిన్న బాక్సుగా వేస్తే నవ్వుకుంటారు.

నేనైతే మీ పేజీని ఇలా వేస్తాను: పైన నవంబర్ 4, ఒలింపిక్స్, షాపుల ముందు జనం. సెప్టెంబర్ 16 పక్కన చిన్నగా, "సిడ్నీలో" అన్న మాటతో. మధ్యలో పెద్దగా ప్లే స్కూల్, కార్నార్వన్ ఉపగ్రహం. కింద ఎస్‌బీఎస్, క్రికెట్. కెనెడీకి ఓ మూల. చంద్రుడు ఉంటే ఉంది, లేకపోతే లేదు.

ఫొటోల విషయంలో జాగ్రత్త. ఇంటర్నెట్‌లో దొరికిందల్లా ప్రింటు చెయ్యకండి. పాత స్టిల్స్‌లో చాలావాటికి హక్కులు ఛానెళ్లవో పత్రికలవో ఉంటాయి. కాన్‌బెర్రాలోని నేషనల్ ఫిల్మ్ అండ్ సౌండ్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ముందు వెతకండి. మిగిలిన టేపులను డిజిటల్‌లోకి మార్చడానికి వాళ్లు ఏళ్లతరబడి కిందామీదా పడుతున్నారు. 2025 లోపు మార్చనివి చాలావరకు పోయినట్టేనని వాళ్లే హెచ్చరించారు. మీ స్టేట్ లైబ్రరీ విక్టోరియాలో 1956 నాటి వీధి ఫొటోలు కూడా దొరుకుతాయి. లాభాపేక్ష లేని సంఘం, ఇన్ని కాపీలు, ఫలానా తేదీకి ప్రింటు అని మెయిల్‌లో మొదటి రెండు వాక్యాల్లోనే రాయండి. అలా రాసిన మెయిల్‌కి మేము లైబ్రరీలో ముందు జవాబిచ్చేవాళ్లం.